నాయన బిగించిన బోర్డు

నాయన చనిపోయిన నెలకు మా ఫ్రిజ్ స్టెబిలైజర్ పనిచేయడం మానేసింది. పొద్దున కరెంటు పోయినప్పుడు, ఆయన చేసినట్టే దాని స్విచ్ ఆపాను. కరెంటు వచ్చాక వేస్తే ఫ్రిజ్ లైటు వెలగలేదు. ఫ్రిజ్‌లో అమ్మ కోసం మద్రాసు నుంచి తెప్పించిన ఇన్సులిన్ సీసాలున్నాయి. తిరుపతిలో ఏప్రిల్ ఎండకు అవి ఎంతోసేపు నిలవవు.

మూత విప్పాను. లోపలి బోర్డు నాయన సొంతంగా బిగించినది. దాని సర్క్యూట్ పటం ఆయన కాగితాల్లో దొరకలేదు. ఫ్యూజు బాగానే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కరెంటు వస్తోంది. దాన్ని ఫ్రిజ్‌కు కలిపే రిలే మాత్రం కదలలేదు. వేలు తగులుతుందన్న భయంతో ప్రతిసారీ స్విచ్ వేసి, మీటరు ముల్లు చూసి, వెంటనే ఆపేశాను. పదకొండు దాకా అదే పని.

"ఏంరా, దాని ముందర కూసోని పూజ సేస్తా ఉండావా?" అని అమ్మ వంటింట్లోంచి కేకేసింది. "మీ నాయనైతే స్విచ్చేసి, ఈడికొచ్చి కాపీ తాగి పోతా ఉండె. నువ్వూ రా, సల్లారిపోతా ఉండాది."

విసుగుతో స్విచ్ ఆపకుండానే లేచి వెళ్ళాను. గ్లాసు సగమయ్యేసరికి హాల్లో టక్కుమని చప్పుడైంది. ఫ్రిజ్ మోటారు మొదలైంది.

కరెంటు వచ్చిన వెంటనే మోటారు దెబ్బతినకుండా, రెండు మూడు నిమిషాలు ఆగి కలిపేలా ఆయన ఆ బోర్డును తయారుచేశాడు. నేను ఒక్కసారీ అంతసేపు ఆగలేదు. ఆయన కాఫీని ఇన్నేళ్ళూ బద్ధకమనుకున్నాను.

అమ్మ ఫ్రిజ్ తెరిచి సీసాలను తాకి చూసింది.

"ఇంకా సల్లగానే ఉండాయి" అంది.