ఊపిరి గొట్టానికి కట్టిన గుడ్డ

నా చిన్నప్పుడు మా ఇంటికి అన్నం పెట్టింది చేను కాదు, జీపు. తనకల్లుకు అవతల మా ఊరు. మాకు చేను ఉండేది గానీ వరుసగా వానలు లేక, వేసిన చెనిక్కాయ, అంటే వేరుశనగ, విత్తనం కూడా తిరిగి ఇంటికి రాలేదు. ఆ ఏడు మా నాయన ఎద్దుల జతను అమ్మేసి, ఎవరో వాడి వాడి వదిలేసిన పాత డీజిల్ జీపు ఒకటి తెచ్చాడు. తలుపులు లేవు. రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి ఉండేది. అయినా రాళ్ల దారి, వంక ఇసుక, ఏదీ చూడకుండా ఎక్కేది. బస్సు రాని నాలుగు పల్లెల వాళ్లను కదిరికి తీసుకుపోయి తీసుకొచ్చే బాడుగ జీపు అది. సంతకు పోయే కోళ్లు, ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు, బెంగుళూరుకు కూలికి పోయేవాళ్లు, అందరూ అందులోనే.

ఒక దినం నాయన నడిపితే ఒక దినం మా మామ నడిపేవాడు. మామ అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. అవ్వా తాతా పోయాక మా ఇంట్లోనే పెరిగాడు. నాయనను బావా అని పిలిచినా, కొడుకులాగే మసలేవాడు. ఆ జీపంటే ఆయనకు ప్రాణం. రాత్రి మంచం వేసుకోకుండా దాని వెనక సీట్లోనే పడుకునేవాడు. "మీ మామకు పెండ్లెందుకు, జీపు ఉండాది కదా" అని ఊరి ఆడవాళ్లు నాతో ఎగతాళి చేసేవాళ్లు.

నేను బడికి పోయేదాన్ని కాదు. తమ్ముణ్ణి చంకనేసుకుని ఇంటి దగ్గరే ఉండేదాన్ని. ఆ ఆషాఢంలో గాలి ఎట్లా వీచిందంటే, ఎర్రమట్టి ఇంట్లోకి కొట్టుకొచ్చి అన్నం గిన్నెలో కూడా కరకరమనేది. అమ్మ నీళ్ల కుండలన్నిటి మూతులకూ గుడ్డలు కట్టింది. మా దగ్గర అది అలవాటు. నోరు తెరిచి ఉన్న ఏ పాత్రనూ గాలికి వదలరు. ఒక రోజు మామ జీపు ముందు మూత ఎత్తి పెట్టి, నీళ్లు పోయడానికి బిందె కోసం లోపలికి వెళ్లాడు. నేను తొంగి చూశాను. ఇంజను పైన వంకర గొట్టం ఒకటి, కిందికి వంగి, నోరు తెరుచుకుని ఉంది. అయ్యో, దీంట్లోకి మట్టి పోతుందే అనుకున్నాను. నా పాత లంగా గుడ్డ ముక్క తెచ్చి, రెండు మడతలు పెట్టి, దాని మూతికి కప్పి దారంతో గట్టిగా కట్టేశాను. కుండకు కట్టినట్టే. మంచి పని చేశానని ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత పెద్ద పని అనుకోలేదు.

ఒక నెల గడిచిందో ఏమో, జీపు నూనె కారడం మొదలుపెట్టింది.

మొదట చుక్కలు. తర్వాత జీపు నిలబెట్టిన చోటల్లా అరచేయంత నల్లటి మచ్చ. కింద ఇంజను నూనె ఉండే తొట్టిని ఛాంబరు అంటారు. దాని అంచు నుంచే కారుతోందని మామా నాయనా ఇద్దరూ అనుకున్నారు. ఆ అంచున రెండు రేకుల మధ్య పట్టీలాంటిది ఒకటి ఉంటుంది, దాన్ని ప్యాకింగ్ అంటారు. మామ కదిరికి పోయి కొత్త ప్యాకింగ్ తెచ్చి, ఒక పగలంతా జీపు కింద వెల్లకిలా పడుకుని, ఒక్కో బోల్టు విప్పి మార్చాడు. మూడో రోజుకు మళ్లీ కారింది. ముందుకంటే ఎక్కువ కారింది.

జనం ఊరుకుంటారా? "నీ జీపు యాడికి పోయిందో ఎవర్నీ అడిగే పన్లేదప్పా, నూనె చుక్కలు సూసుకుంటా వస్తే సాలు" అని ఒకాయన అంటే జీపులో అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు. నూనె అయిపోతే ఇంజను పట్టేస్తుంది. ఇంజను పట్టేస్తే మాకు ఎద్దులూ లేవు, జీపూ లేదు. ఆ భయం ఆయన ముఖంలో నాకు కూడా కనిపించేది.

ఒక రోజు పొద్దున మామ వాకిట్లో కూర్చుని సంగటి తింటున్నాడు. నాయన వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నువ్వు ఏసింది కొత్తదేనా?"

"కొత్తదే బావా."

"కొత్తదైతే ఎందుకు కారతాండాది?"

"తెలీదు బావా. మళ్లీ విప్పి సూద్దాం."

"సూసేదేముండాది? కారతాండేది నువ్వు విప్పిన కాడే. పాతదాన్నే తుడిసి ఏసి, కొత్తదని నాకు చెప్పి దుడ్లు ఎనకేసుకున్యావు."

మామ చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. అమ్మ గడప దగ్గర నుంచి "వాడు అట్లా చేసేవాడు కాదు" అంది. నాయన వినలేదు. "అన్నం పెట్టి దొంగను సాకినట్టాయె" అన్నాడు.  మామ ముద్దను తిరిగి కంచంలో పెట్టి, చేయి కడుక్కుని, రెండు చొక్కాలు సంచిలో వేసుకున్నాడు. నా పక్క నుంచి పోతూ ఎప్పుడూ జడ లాగేవాడు, ఆ రోజు లాగలేదు. బస్సు దారి వరకు నడిచిపోవడం చూస్తూ నిలబడ్డాను. ఆయన పోవడానికీ, నేను కట్టిన గుడ్డకూ సంబంధం ఉందని నాకు తెలియదు.

అమ్మ ఆ దినం నుంచి నాయనతో మాట్లాడలేదు. కంచం పెట్టి పక్కకు పోయేది. నాయన తానే జీపు కింద దూరి బోల్టులన్నీ బిగించాడు. నూనె ఆగలేదు. పది పన్నెండు రోజులు చూసి, ఇక దారి లేక కదిరి నుంచి ముసలి మెకానిక్‌ను పిలిపించాడు. మేమందరం ఆయన్ను తాతా అనేవాళ్లం. సామాన్లు గోతాంలో వేసుకుని బస్సు దిగి నడిచి వచ్చాడు.

"ఛాంబరు విప్పి ప్యాకింగ్ మార్సు అన్నా" అన్నాడు నాయన.

తాత విప్పలేదు. జీపు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చూసి, "నూనె యాడ రాలతాదో ఆడే పుడతాదని ఎవరు చెప్పినారప్పా నీకు?" అన్నాడు.

ఆయన చేసిన పని ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. ముందు డీజిల్‌లో కుంచె ముంచి ఇంజనంతా పైనుంచి కిందికి కడిగాడు. పాత జిడ్డంతా పోయి ఇనుము బయటపడేదాకా కడిగి, పొడిగుడ్డలతో తుడిచాడు. తర్వాత అమ్మను పొయ్యి బూడిద అడిగాడు. దాన్ని పలుచటి గుడ్డలో మూటకట్టి, ఇంజను గాలి పీల్చే చోటు మూసిపెట్టి, మిగతా అంతటా మెల్లగా తట్టుతూ బూడిద చల్లాడు. నల్లటి ఇంజను విభూతి పూసుకున్నట్టు తెల్లగా అయింది. గాలి పీల్చే చోటు మళ్లీ తెరిచి ఇంజను తిప్పమన్నాడు. నన్ను పిలిచి, అమ్మ బొట్టు పెట్టుకునే అద్దం చేతికిచ్చి, ఎండను ఇంజను సందుల్లోకి కొట్టమన్నాడు.

"కదలొద్దు పాపా. తడి యాడ ముందు కనపడతాదో ఆడ చెప్పు."

నేనే ముందు చూశాను. కింద కాదు. పైన, ఇంజను నెత్తిన ఉన్న మూత వెనకంచున, బూడిద మీద సన్నటి నల్లగీత. అది మెల్లగా ఇంజను వెనక గోడ మీదుగా జారి, గేరుపెట్టె పక్కగా దిగి, ఛాంబరు అంచు పట్టుకుని ముందుకు వచ్చి, అక్కడ చుక్కై వేలాడింది. అంతలో ఇంకో పక్క నూనె కొలిచే కడ్డీ చుట్టూ కూడా తడి కనిపించింది. ఛాంబరు అంచున మిగతా బూడిదంతా పొడిగా, చల్లింది చల్లినట్టే ఉంది.

తాత జీపు కింద దూరి టార్చి వేసి చూసి బయటికి వచ్చాడు. "ఈ ప్యాకింగ్ కొత్తదే. బిగింపు గూడా బాగుండాది. ఎవరప్పా ఏసింది?" అని అడిగాడు.

 అమ్మే చెప్పింది, "మా తమ్ముడు. ఈ జీపు మూలంగానే ఇల్లిడిసి పోయినాడు" అని. చెప్పి లోపలికి పోయింది.

తాత ఇంజను తిరుగుతుండగానే నూనె పోసే మూత తీసి అరచేయి అడ్డం పెట్టాడు. లోపలి నుంచి ఆవిరి ఆయన చేతిని తోసింది. "ఒక చోట కారితే ప్యాకింగ్ తప్పు. ఇన్ని చోట్ల కారతాండాదంటే లోపల ఊపిరి ఆడ్డం లేదు, ఆవిరి పోయే దారి లేక నూనెను బయటికి తోస్తాండాది. ఊపిరి గొట్టం మూసుకపోయింటాది" అంటూ వేళ్లతో వెతికి, ఆ వంకర గొట్టం పట్టుకున్నాడు. దాని మూతి మీద నూనే మట్టీ కలిసి గట్టిపడిన ముద్ద ఒకటి ఉంది. దాన్ని కడిగేటప్పుడు గొట్టంలో భాగమే అనుకున్నాడట. కత్తితో కోశాడు. ఇంజను బుస్సుమని పొగ వదిలింది. ఆ ముద్దను డీజిల్‌లో జాడిస్తే, ఆకుపచ్చ రంగు, పసుపు పూలు బయటపడ్డాయి.

అది నా పాత లంగా గుడ్డే.

నాయన ఆ గుడ్డను చూసి, "ఇది గూడా వాని పనే" అన్నాడు. పళ్లు కొరుకుతూ అన్నాడు. ఒక్క క్షణం నేను గమ్మున ఉండిపోతే చాలు, అది కూడా మామ మీదే పడేది. మామ అక్కడ లేడు, కాదని చెప్పడానికి. నిజం చెప్పాలంటే గమ్మున ఉండాలనే అనిపించింది. కానీ అద్దం కింద పెట్టి ముందుకు వచ్చాను. తాత నా వైపు చూశాడు. "నేనే కట్టినా నాయనా, మట్టి పోకూడదని" అన్నాను.

నాయన చేయి లేచింది. తాత లేచిన ఆ చేతిలో ఒక స్పానరు పెట్టాడు. "ముందు ఆ పై మూత బోల్టు బిగించు. పాప మంచికే కట్టింది, దానికి తెలీదు. కుండకు మూత కావాలమ్మా, ముక్కుకు మూత పెడతామా? నువ్వు పెద్దోడివి. నీకూ తెలీదు. తెలీదని చెప్పుంటే సరిపోయేది" అన్నాడు. నాయన ఆ స్పానరు పట్టుకున్నాడు గానీ బోల్టు బిగించలేదు. చివరికి తాతే బిగించుకున్నాడు.

మామ చిలమత్తూరు దగ్గర రాళ్ల క్వారీలో ట్రాక్టరు తోలుతున్నాడని తెలిసింది. మూడో రోజు నాయన నన్ను జీపులో కూర్చోబెట్టుకుని అక్కడికి పోయాడు.  రాతి పొడితో మామ తల నెరిసినట్టు ఉంది. జరిగిందంతా నా చేతనే చెప్పించాడు నాయన. నేను ఏడుస్తూ చెబితే మామ నవ్వి, "జీపుకు జలుబు చేస్తాదనుకున్యావేమే" అని నా జడ లాగాడు. నాకు ఆ క్షణంలో అంతా సర్దుకున్నట్టే అనిపించింది.

అప్పుడు నాయన అన్నాడు, "ఇంటికి రాప్పా. ప్యాకింగ్ కొత్తదే అని మెకానిక్కు చెప్పినాడు."

"అది నాకు ముందే తెలుసు కదా బావా" అన్నాడు మామ.

కోపంగా అనలేదు. మెల్లగానే అన్నాడు. మళ్లీ తానే అడిగాడు, "లీకు దొరక్కపోయుంటే నువ్వు ఈడికి వచ్చేవాడివా?"

వచ్చేవాణ్ణేనని నాయన అబద్ధమైనా చెప్పి ఉంటే మామ వచ్చేవాడేమో అని ఎన్నోసార్లు అనుకున్నాను. మామ మాకు టీ తాగించి, అలవాటుగా వంగి జీపు కింద ఒకసారి చూసి, "బాగుండాది, పోండి" అని ట్రాక్టరు ఎక్కాడు. వచ్చేటప్పుడు నాయన తోలినంత నిదానంగా జీపు తోలడం నేను అంతకు ముందు చూడలేదు. ఇంటి దగ్గర అమ్మ వీధిలో నిలబడి ఉంది. మమ్మల్ని చూడలేదు, మా వెనక సీటు చూసి లోపలికి పోయింది.

తర్వాత మామ మా ఇంటికి రాలేదని కాదు. నా పెళ్లికి వచ్చాడు, నాయన పోయినప్పుడూ వచ్చాడు. పనులన్నీ మీదేసుకుని చేసేవాడు. కానీ ఒక్క రాత్రి కూడా ఆ ఇంట్లో పడుకోలేదు. ఎంత పొద్దుపోయినా చివరి బస్సుకు వెళ్లిపోయేవాడు.

నేను పెళ్లయి రాయదుర్గం వచ్చాను. జీన్స్ కుట్టే చోట ముప్పైమంది ఆడవాళ్ల పని చూసుకుంటాను. సైజు చీటీలు చదవాల్సి వచ్చి, నా కూతురి పలక మీదే అక్షరాలు దిద్దుకున్నాను. ఇక్కడ అప్పుడప్పుడూ కత్తిరించిన ముక్కలు తక్కువవుతాయి. వెంటనే అందరి చూపూ చివరి మిషను దగ్గర కూర్చున్న పిల్ల మీదికి పోతుంది, తక్కువైంది తేలేది అక్కడే కాబట్టి. నేను పైనుంచి, కత్తిరించే బల్ల నుంచి వెతకడం మొదలుపెడతాను. కానీ అంతకంటే ముందు ఆ పిల్ల దగ్గరికి పోయి, నువ్వు తీయలేదని నాకు తెలుసమ్మా అని అందరూ వినేలా చెబుతాను. వెతికి దొరికిన తర్వాత చెబితే ఆ మాటకు విలువ లేదు, అది చిలమత్తూరులో చూశాను.

ఒకసారి మోసపోయాను కూడా. నిజంగా ఆ పిల్లే తీసింది. మిగతావాళ్లు నన్ను చూసి నెలరోజులు నవ్వారు. ఆ తర్వాత ఇంకోసారి ముక్కలు తక్కువైనప్పుడు, చివరి మిషను దగ్గర కొత్త పిల్ల కూర్చుని ఉంది. దాని మొహం అప్పటికే పాలిపోయింది. నేను ఏమంటానోనని అందరూ చేతిలో పని ఆపి చూశారు. వెతకకముందే పోయి దానికి ఆ మాట చెప్పాను.