వెర్లిన్ ఒక్కడే లేచాడు

మా ఊరు వాటర్లూలోని పంది మాంసం ఫ్యాక్టరీలో వెర్లిన్ ఆస్ట్‌బీ, నేను పదకొండేళ్లు ఒకే బల్ల దగ్గర పక్కపక్కన నిలబడి కత్తి పట్టాం. మాట తక్కువ మనిషి. బరువైన బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆటంటే మాత్రం పడిచచ్చేవాడు. 1972 జనవరిలో మిల్వాకీలో పోటీ ఉందని, భార్య ఆర్లిస్ తమ్ముడు డ్వేన్‌తో కలిసి విమానం ఎక్కాడు. ఆ రోజుల్లో ఎవరి సంచీ ఎవరూ విప్పి చూసేవారు కాదు.

పైకి లేచిన పావుగంటకు, వానకోటు వేసుకున్న ఒక మనిషి లంచ్ డబ్బాలోంచి తుపాకీ తీసి, ఎయిర్‌హోస్టెస్ రోజలీ మెడ పట్టుకున్నాడు. విమానాన్ని క్యూబాకు తిప్పమన్నాడు. ఎవరు కదిలినా ఆమెను కాల్చేస్తానన్నాడు.

"వాడు పైలట్ తలుపువైపు తిరగ్గానే తుపాకీ చెయ్యి నేను పట్టుకుంటా. మెడ నువ్వు చూసుకో," అని వెర్లిన్ పక్కనున్న డ్వేన్‌తో గొణిగాడు.

"సరే బావా. నువ్వు లే, నీ వెనకే నేను."

"ఖాయమేనా?"

"మా అక్క మీద ఒట్టు! లేస్తానంటుంటే!"

వాడు తిరిగాడు. వెర్లిన్ లేచి రెండంగల్లో చేరి వాడి మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. రోజలీ విడిపించుకుంది. ఇద్దరూ సీట్ల మధ్య పడి దొర్లారు. వెనక నుంచి ఇంకో రెండు చేతులు రావాలి. రాలేదు. "డ్వేన్!" అని ఒకసారి అరిచాడు. తుపాకీ పేలి, గుండు అతని కుడి అరచేతిలోంచి దూసుకుపోయి నేలలో దిగింది. అయినా వదల్లేదు. చివరికి రోజలీయే మరుగుతున్న కాఫీ కూజా తెచ్చి వాడి మొహాన కుమ్మరించింది. తుపాకీ సీట్ల కిందికి జారిపోయింది. అప్పుడొచ్చాడు డ్వేన్. వచ్చి వాడి వీపు మీద కూర్చున్నాడు.

పత్రికలో పడింది, విమానం దిగాక కూడా వాడి మీద అలాగే కూర్చున్న డ్వేన్ ఫొటోయే. అప్పటికి వెర్లిన్ అంబులెన్స్‌లో ఉన్నాడు. "మా బావ తుపాకీ పట్టుకున్నాడు, నేను మనిషిని పడగొట్టా," అని డ్వేన్ చెప్పినట్టు కింద రాశారు. విమాన కంపెనీ నుంచి వెర్లిన్‌కు ఉత్తరం వచ్చింది. ఇలాంటప్పుడు ప్రయాణికులు దుండగుడు చెప్పినట్టు వినాలే తప్ప ఎదురుతిరిగి అందరి ప్రాణాలమీదికీ తేకూడదట. వెర్లిన్ కుడిచేతి వేళ్లు రెండు మళ్లీ వంగలేదు. ఫ్యాక్టరీలో కత్తి తీసుకుని, నేల కడిగే గొట్టం ఇచ్చారు.

చర్చి విందుల్లో, క్లబ్బుల్లో డ్వేన్ ఆ కథ చెబుతూ తిరిగాడు. నాకు మండిపోయి వెర్లిన్‌ని అడిగాను: "నిజం చెప్పు, వాడు లేచాడా?"

"ఆర్లిస్‌కి ఉన్నది ఒక్కడే తమ్ముడు. వదిలెయ్‌రా."

రెండేళ్ల తర్వాత డ్వేన్ నగర కౌన్సిల్‌కు నిలబడ్డాడు. కరపత్రాల మీద మళ్లీ ఆ ఫొటో. వంటింటి బల్ల దగ్గర ఆర్లిస్ వాటిని మడతపెడుతుంటే వెర్లిన్ ఇక ఆగలేకపోయాడు.

"ఆర్లిస్, ఆ రోజు వాడు లేవలేదు."

ఆమె చేతులు ఆగలేదు. "తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నువ్వింకా ఆస్పత్రిలో ఉండగానే వచ్చి ఏడ్చాడు. కాళ్లు కదల్లేదన్నాడు."

"మరి నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్తే ఏమయ్యేది? నువ్వెలాగూ ఎవరితోనూ అనవు. వాడి పరువైనా దక్కిందిగా."

మర్నాడు వెర్లిన్ గొట్టం పట్టుకుని నా దగ్గరకొచ్చి ఇదంతా చెప్పాడు. "డ్వేన్ భయపడ్డాడు. సరే, నాకూ ఒళ్లు వణికింది. కానీ ఈవిడ రెండేళ్లుగా రోజూ నా చొక్కా గుండీలు పెట్టిందిరా. ఈ చెయ్యి చూస్తూనే పెట్టింది." నీళ్లు తిప్పి నేల కడుక్కుంటూ వెళ్లిపోయాడు.

డ్వేన్ గెలిచాడు. వెర్లిన్ ఎడమచేత్తో గుండీలు పెట్టుకోవడం నేర్చుకున్నాడు. ఇల్లు వదిలిపోలేదు, బౌలింగ్‌కు మాత్రం మళ్లీ వెళ్లలేదు. 1991లో గుండె ఆగి పోయాడు. శవపేటిక మోసిన ఆరుగురిలో నేనొకణ్ణి. డ్వేన్ వచ్చి ఓ చెయ్యి వెయ్యబోయాడు. నేను పక్కకు జరగలేదు.