కర్టెన్ల మాస్టారు

ఇసోగాయి మాస్టారు ఎవరి పాఠం చూసినా చివరికి మాట్లాడేది కర్టెన్ల గురించే. లెక్కలైనా, పాటలైనా, కప్ప జీవితమైనా ఆయనకి అనవసరం. కర్టెన్ సగం తీసుందా, మొత్తం తీసుందా, మడతలు సమంగా పడ్డాయా, అంతే.

జపాన్‌లో ఏ బళ్ళోనైనా ఇంతే, ఒకరు పాఠం చెబుతుంటే మిగతా టీచర్లమంతా వెనక నిలబడి చూడాలి. పిల్లలు ఇళ్ళకెళ్ళాక చుట్టూ కూర్చుని ఆ పాఠాన్ని విప్పి ఆరెయ్యాలి. ఒకరి దగ్గర ఒకరం నేర్చుకోవాలని ఈ ఏర్పాటు. మంచిదే, కాదనను. కాకపోతే పొద్దున్నుంచీ అరిచి, పిల్లలకి అన్నాలు పెట్టించి, వాళ్ళతో గదులు తుడిపించి, ఇక నడుం వాలుద్దామనుకునే వేళకి మొదలవుతుంది. దాన్ని నడిపించే ఖర్మ నాది.

"ఎవరైనా మొదలెట్టండి" అంటానో లేదో, ఆయన చెయ్యి లేస్తుంది.

"ఆ ఎడమవైపు కర్టెన్..."

"మాస్టారూ, పాఠం గురించి చెప్పండి!"

"పాఠం మీద ఎండ పడిందమ్మా, అదే చెబుతున్నా."

ఓసారి జోరుగా వాన కురిసిన రోజున కూడా ఇదే గొడవ. "ఇవాళ ఎండేదండీ?" అంటే, "ఉండుంటే ఏమయ్యేది?" అని ఎదురు ప్రశ్న. మా హెడ్మాస్టరుగారు దానికి జవాబు ఆలోచిస్తూ ఆలోచిస్తూ నిద్రపోయారు.

ఒక చలికాలం, కొత్తగా చేరిన చిగుసా వంతు వచ్చింది. పొద్దున్నే కిరసనాయిలు స్టవ్ దగ్గర చేతులు కాచుకుంటూ మెల్లిగా అంది.

"అక్కా, ఇవాళ కూడా పాఠం పాడైతే ఉద్యోగం మానేస్తా. మా అమ్మతో కూర్చుని ముల్లంగి ఊరగాయ పెట్టుకుంటా. ముల్లంగి నన్ను ప్రశ్నలడగదు."

నవ్వబోయి, ఆ పిల్ల కళ్ళు చూసి ఊరుకున్నాను. పైగా ఆ రోజు యూనివర్సిటీ నుంచి సలహాలివ్వడానికి తోకివా గారు వస్తున్నారు. ఆయన సలహా విని ఏడవని కొత్త టీచరు మా జిల్లాలో లేదు.

పాఠం పాడైంది. సగానికి మూడోవంతు కలిపితే ఎంతని చిగుసా అడిగింది. ఒకడు లేచి "అయిదింట రెండు" అన్నాడు. క్లాసంతా చప్పట్లు! చిగుసా బోర్డువైపు తిరిగి, సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎంతసేపటికీ ఇటు తిరగలేదు.

సాయంత్రం మీటింగులో తోకివా గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ఇక మొదలెడతారని గుర్తు. చిగుసా తల దించుకుంది.

"ఒక్క మాట," అని ఇసోగాయి మాస్టారు చెయ్యెత్తారు. "కిటికీ పక్క కర్టెన్..."

నా ప్రాణం ఉసూరుమంది. ఆయన గుడ్డ రంగుతో మొదలెట్టి, కొక్కేల్లోకి దిగి, ఆ కొక్కేలు కొన్న పాత హెడ్మాస్టరుగారి కీళ్ళనొప్పుల దాకా వెళ్ళారు. దగ్గాను. బల్లమీది గంట మోగించాను.

"అయిందా మాస్టారూ?"

"ఇంకా అంచు కుట్టు దగ్గరికే రాలేదమ్మా."

తోకివా గారు గడియారం చూసి ఉలిక్కిపడ్డారు. ఈ రైలు తప్పితే మళ్ళీ రాత్రికిగానీ లేదంటూ, కోటుకి ఒక చెయ్యే తొడుక్కుని పరుగెత్తారు.

ఆయన గుమ్మం దాటగానే మాస్టారు కర్టెన్లు వదిలేసి, చిగుసా ముందుకి బార్లీ టీ జరిపారు.

"కిటికీ పక్కన కూర్చునే మియో కాగితం మీద రెండు పొడుగు పట్టీలు గీసి, ఒకదాన్ని సగానికీ, ఇంకోదాన్ని అయిదు భాగాలకీ విడదీసింది, చూశావా?"

"లేదండీ."

"అయిదింట రెండంటే సగం కన్నా తక్కువే కదా అని గొణుక్కుంది. నీవైపు చూసింది కూడా. పాఠం నీ వీపు దాకా వచ్చిందమ్మా, నువ్వు తిరగలేదంతే. రేపు ఆ పిల్లతో మొదలెట్టు."

మేమంతా వెనక నిలబడి పిల్లల జుట్లు చూస్తాం. ఆయనెప్పుడూ కర్టెన్ పక్కనే నిలబడతారు. పిల్లల మొహాలు కనిపించేది అక్కణ్ణుంచేనని నాకప్పుడు వెలిగింది.

"బడి వెనకే మీ ఇల్లు, సైకిల్ తప్ప ఎక్కరు. రైలు వేళ మీకెలా తెలుసు మాస్టారూ?"

"ఏ రైలు?" అన్నారు, ఏమీ ఎరగనట్టు.

మర్నాడు మియో పట్టీలు బోర్డెక్కాయి. పిల్లలు వాదించుకుని వాదించుకుని ఆరింట అయిదు దగ్గర తేలారు. చిగుసా ముల్లంగి మాట మళ్ళీ ఎత్తలేదు.

కొన్నేళ్ళకి, మాస్టారు రిటైరవబోయే నెలలో, మరో కొత్త టీచరు పాఠం బోల్తాపడింది. తోకివా గారు కళ్ళజోడు తీశారు. నేను ఆశగా మాస్టారివైపు చూస్తే, ఆయన హాయిగా కునుకు తీస్తున్నారు. అయ్యో, అయిపోయాడు కుర్రాడు అనుకున్నాను.

అంతలో చిగుసా చెయ్యెత్తింది.

"ఒక్క మాట. ఎడమవైపు కర్టెన్..."

నేను చప్పుడు కాకుండా గంట తీసి సొరుగులో పెట్టేశాను. మాస్టారు ఒక కన్ను తెరిచి, నావైపు వంగి విసుక్కున్నారు.

"ఈ పిల్లకి కర్టెన్ల పిచ్చేమిటమ్మా? మనల్ని ఇళ్ళకి పోనివ్వదా?"