తళిగ వేసిందాకా మాత్ర ముట్టరు

పెరటాసి నెల శనివారాల్లో మా ఊర్లో ఏడుకొండల సామికి నైవేద్యంగా తళిగ వేసిందాకా ఎవరూ నోట్లో నీళ్ళు కూడా పోసుకోరు. అన్నం, పప్పు, వడలు అరిటాకులో పెట్టి, దీపం ఎత్తి, గోవిందలు పలికేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. పొద్దున్నే వేసుకోవాల్సిన బీపీ మాత్ర కూడా అందాకా ముట్టరు. ఎంగిలంట! ఇంటింటికీ బీపీ ఉండే ఊరబ్బా మాది. పూతలపట్టు నుంచి వచ్చే నర్సమ్మ అరిచి అరిచి అలిసిపోయింది.

పోయిన సంవత్సరం అట్లాంటి శనివారమే మా నాయనకు కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయినాయి. తళిగ ముందర నిలబడి గోవిందా అనబోయినాడు, నోరు వంకర పోయింది. అప్పటి నుంచి మాట లేదు. "మాత్ర ఆపి ఆపి వేసుకుంటే ఇంతేమ్మా" అన్నాడు తిరపతి డాక్టరు.

మళ్ళీ పెరటాసి దగ్గరికొచ్చింది. అమ్మకీ బీపీనే. నాయనకు మాట రావాలని ఆ నెల శనివారాలన్నీ తళిగ దీపం ఎత్తిందాకా ఏమీ ముట్టనని మొక్కుకోని ఉండాది. మాత్ర కూడా.

ఒక్క అమ్మకు చెప్తే వినదు, ఊరంతా మారితే సిగ్గుపడైనా మారుతుందని ఇల్లిల్లూ తిరిగినాను. అక్కా, అత్తా అని కాళ్ళు పట్టుకున్నంత పని చేసినాను. తిట్టినోళ్ళు తిట్టినారు. కడాకు భజన గుడి పూజారి ఒప్పుకున్నాడు. "సామి తీర్థంతో మింగితే ఎంగిలేంది?" అన్నాడు.

మొదటి శనివారం పొద్దున్నే గుడిగంట కొట్టినారు. అందరూ వరసగా నిలబడి తీర్థంతో మాత్ర మింగినారు. అమ్మ మాత్రం తీర్థం కూడా పట్టకుండా, మాత్రను కొంగున ముడేసుకోని ఇంటికి వచ్చేసింది.

"వాళ్ళది వట్టి ఒక్కపొద్దు మే. నాది మొక్కు."

"మా, నువ్వు కూడా పడిపోతే నేను యాడికి పోవాల? ఇద్దర్నీ ఎత్తి కూర్చోబెట్టే బలం నాకు లేదు మా!" అని గొంతు చించుకున్నాను. వినిపించుకోలేదు. నాయనకు వేయాల్సిన మాత్ర తీసుకోని ఆయన మంచం దగ్గరికి పోయింది.

నాయన నోరు తెరవలేదు. పళ్ళు బిగించి, ఎడం చేత్తో అమ్మ కొంగు ముడి పట్టుకున్నాడు.

"నోరు తెరూ, నీకు పున్నెముంటాది" అని బతిమాలింది. గడ్డం పట్టుకుంది. ఆయన ముడి వదల్లేదు, కండ్లల్లో నీళ్ళు కారిపోతా ఉండాయి. శానాసేపటికి అమ్మ ముడి ఇప్పి మాత్ర మింగి, గోడకు తల ఆనించి ఏడ్చింది. అప్పుడు తెరిచినాడు నాయన.

"నీ అరుపు విని ఆయన పట్టు పట్టినాడు, మొక్కు చెరిపినావు కదే! ఇంక ఆయనకు మాట రాకుంటే ఆ పాపం నీదే" అన్నది నాతో.

పెరటాసి అయిపోయింది. ఊర్లో ఎవరూ పడిపోలేదు. అమ్మ రోజూ మాత్ర వేసుకుంటా ఉండాది, నాతో మాత్రం సరిగ్గా మాట్లాడదు. నేను పొద్దున్నే నాయన మంచం పక్కన కూర్చోని, "గోవిందా అను నాయనా, ఒక్కసారి అను" అని ఏడుస్తా ఉండాను.