మనిషొస్తాడు

చిన్నప్పుడు ప్రొద్దుటూరు బస్టాండులో జమ్మలమడుగు బస్సు రాగానే మనల్ని కిటికీలోంచి లోపలికి తోసి సీటు పట్టించేవాళ్లు, గుర్తుందా? మా నాయన నా చేతికి తన టవలు కూడా ఇచ్చేవాడు. చెమట, బీడీల వాసన వేసే ఎర్ర గళ్ల టవలు. దాన్ని సీటంతా పరిచి కూర్చునేదాన్ని. గుంపులో ఆయన కనపడకపోతే ఏడుపొచ్చేది. కింద నుంచే అరిచేవాడు: "ఏడవాకు పాపా, వస్తాండా. ఎవరడిగినా మనిషొస్తాడని చెప్పు."

ఈ పొద్దున అదే ఊళ్లో, ఆసుపత్రిలో, నాయనను స్ట్రెచర్ మీద ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారు. ఆయన భుజం మీది టవలు నా చేతిలో పెట్టారు. నర్సు కాగితం పట్టుకొచ్చి, "పెద్దోళ్లు ఎవరొచ్చినారు? సంతకం చేయాల" అంది.

నేను వెనక్కి తిరిగి చూశాను. నాకు నలభై రెండేళ్లు. అమ్మ పోయాక ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఏం రాసుందో చదవలేకపోయాను. సంతకం మాత్రం చేశాను.

మధ్యాహ్నమైంది. ఆ తలుపు ఇంకా తెరవలేదు. వరండాలో ఒకాయన నా పక్క కుర్చీ చూపించి, "ఈడ ఎవరన్నా ఉండారామ్మా?" అని అడిగాడు.

టవలు కుర్చీ అంతా పరిచాను.

"మనిషొస్తాడప్పా," అన్నాను.