ఓటర్ల జాబితాలో దొరికిన మనిషి

ఏలూరు శివారులో ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను నేను. మా పేటకి బూత్ లెవెల్ ఆఫీసర్‌ని కూడా నేనే. ఇంటింటికీ తిరిగి ఓటర్ల జాబితా సరిచూడడం ఆ పని. ఆ జాబితా రహస్యమేమీ కాదు, ఎవరైనా చూసుకోవచ్చు. చాలామందికి చూడడం రాదు, అంతే. నాకు వచ్చు. ఇంటి నంబరు, వయసు, భర్త పేరో తండ్రి పేరో ఉంటే చాలు, ఆ ఇంట్లోంచి ఎవరు వెళ్ళిపోయారో, ఎవరు కొత్తగా వచ్చి చేరారో చెప్పేస్తాను. తోటి టీచర్లు అద్దెకి దిగేవాళ్ళ గురించీ, సంబంధాల గురించీ నన్నే అడిగేవారు. అడిగినప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది.

మా స్కూలు ఇన్‌చార్జ్ హెడ్‌మిస్ట్రెస్ లెక్కల టీచరు. క్రైస్తవురాలు. మేమందరం మేడమ్‌గారు అనేవాళ్ళం. భర్త పోయి ఇరవై మూడేళ్ళయిందని, అప్పటికి కూతురికి రెండేళ్ళని మాకందరికీ తెలుసు. ఒకరోజు మా అమ్మకి ఆయాసం ఎక్కువైతే మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రికి పరిగెత్తాను. మర్నాడు రిజిస్టర్లో నా పేరు పక్కన ఎర్ర సిరాతో సగం రోజు సెలవు రాసి ఉంది. అడిగితే మేడమ్‌గారు అందరి ముందూ నెమ్మదిగా అన్నారు.

"ఒక్క మాట చెప్పి వెళ్ళాల్సిందండీ మాస్టారూ. నేనే పంపించేదాన్ని కదా."

తప్పు నాదే. ఆవిడ అరిచి ఉంటే మర్చిపోయేవాణ్ణి. ఆ నెమ్మదితనం మాత్రం ముల్లులా దిగబడిపోయింది.

ఆ తర్వాత కొన్ని నెలలకి జాబితా సవరణ వచ్చింది. ప్రతి ఓటరూ ఇరవై ఏళ్ళ పైబడిన పాత జాబితాలో తన పేరు ఎక్కడుందో ఫారంలో రాయాలి. మేడమ్‌గారి ఇల్లు నా బూత్‌లోనే ఉంది. ఆవిడ ఆ గళ్ళు ఖాళీగా వదిలేసి ఇచ్చారు. "ఎంత వెతికినా దొరకలేదండీ, వదిలేయండి," అన్నారు. లెక్కల టీచరు, ప్రతి కాగితాన్నీ రెండుసార్లు చూసే మనిషి, వదిలేయమంటే నాకు ఆశ్చర్యమేసింది.

ఇంటికెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అరగంటలో దొరికింది. కలిదిండి దగ్గర ఒక ఊరి పాత జాబితాలో ఆవిడ పేరు, దాని పక్కనే భర్త పేరు. తర్వాత అదే ఊరి ఇప్పటి జాబితా తెరిచాను. అదే ఇంటి నంబరులో భర్త పేరు ఇంకా ఉంది. చనిపోయినవాళ్ళ పేర్లు తీసేయకుండా ఉండిపోవడం మామూలే, దానికేం అనుకోలేదు. కానీ ఆ పేరు కింద ఇంకో స్త్రీ పేరుంది. భర్త ఆయనే. ఆ కింద పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. తండ్రి ఆయనే. ఇరవై మూడేళ్ళ క్రితం పోయిన మనిషికి పంతొమ్మిదేళ్ళ కొడుకు. నాకు చెమటలు పట్టాయి. భయంతో కాదు, సంతోషంతో.

ఎందుకు సంతోషమంటే, మేడమ్‌గారు ఏటా వానాకాలంలో ఆయన పేరు మీద జ్ఞాపకార్థ కూడిక పెట్టేవారు. ఇంటి ముందు షామియానా, పటానికి పూలదండ, పాస్టరుగారి ప్రార్థన, ఆ తర్వాత భోజనాలు. నేనూ రెండుసార్లు తిన్నాను. ఆయన పిల్లని కింద దించేవారే కాదని, ఆఖరి రోజుల్లో కూడా దాని పేరే తలుచుకున్నారని ఆవిడ అందరికీ చెప్పేవారు. కూతురు తలొంచుకుని ఏడ్చేది. ఆ రోజంతా ఉపవాసం ఉండేదట. పవర్‌పేటలో ఒక ల్యాబులో పనిచేసేది ఆ అమ్మాయి. ఎడమ చెవి వినపడదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయిందని చెప్పేవారు.

వచ్చిన సెలవు రోజున కైకలూరు మీదుగా బస్సెక్కి కలిదిండి వెళ్ళాను. అక్కణ్ణుంచి ఆటోలో చేపల చెరువుల మధ్యగా ఆ ఊరు చేరాను. ఆయన చెరువు గట్టున కూర్చుని తవుడు బస్తాలకి తాళ్ళు కడుతున్నాడు. పటంలో ఉన్న ముఖమే, జుట్టు నెరిసింది. ఓటర్ల జాబితా పని మీద వచ్చానని చెప్పి మెడలో ఉన్న కార్డు చూపించాను. ఎవరి బూత్ అని ఆయన అడగలేదు. కొబ్బరి బోండాం కొట్టించి ఇచ్చాడు.

"పాత లిస్టులో మీ భార్య పేరు వేరేగా ఉందండీ," అన్నాను.

"అది మొదటి ఆవిడండి. పిల్లని తీసుకుని వెళ్ళిపోయింది."

"ఎందుకండీ?"

ఆయన తాడు ముడి బిగిస్తూ మామూలుగా చెప్పాడు. "అప్పట్లో తాగేవాణ్ణండి. చెయ్యి చేసుకునేవాణ్ణి. ఒకరోజు పిల్ల ఏడుపు ఆపట్లేదని చెంప మీద కొట్టాను. చెవిలోంచి రక్తమొచ్చింది. తెల్లారేసరికి ఇద్దరూ లేరు. నేనూ వెతకలేదులెండి."

అలా అడక్కుండానే అన్నీ చెప్పే మనుషులుంటారు. నేను కూడా ఊరుకోలేక, మీరు పోయారని చెప్పుకుని ఆవిడ ఏటా భోజనాలు పెడుతోందని చెప్పేశాను. ఆయన తాడు పక్కన పెట్టాడు.

"భోజనాల్లో ఏం పెడతారండీ?"

"కోడి కూర, సాంబారు."

"బాగానే చూసుకుంటోంది," అని నవ్వాడు.

తిరుగు బస్సులో నాకు అంతా అర్థమైంది. ఆవిడ ఎందుకు చంపేసిందో, చంపినవాణ్ణి ఎందుకు అంత మంచివాణ్ణి చేసిందో అర్థమైంది. అర్థం కాక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

తర్వాత వచ్చిన ఆదివారం మేడమ్‌గారు చర్చిలో స్త్రీల కూడికకి వెళ్ళే వేళ చూసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మాయి తలుపు తీసి, "అమ్మ లేరండీ, కూర్చోండి," అని మంచినీళ్ళు ఇచ్చింది. నేను ఫారం తీసి బల్ల మీద పరిచాను.

"మీ అమ్మగారి పాత వివరం దొరికిందమ్మా. నాన్నగారు ఎక్కడుంటారో ఒకసారి చెబితే రాసుకుంటాను."

"నాన్నగారు లేరండి. మీకు తెలుసు కదా."

"లిస్టులో ఉన్నారమ్మా."

"తీసేయడం మర్చిపోయి ఉంటారండి."

"నేనూ అలాగే అనుకున్నాను. స్వయంగా వెళ్ళి చూసొచ్చానమ్మా. ఆరోగ్యంగా ఉన్నారు. మీకు ఒక తమ్ముడు కూడా ఉన్నాడు."

ఆ అమ్మాయి కుడి చెవి నా వైపు తిప్పి, మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. గోడ మీదున్న పటం కేసి చూసింది. నా వైపు తిరిగి, "అడ్రసు ఇస్తారా అండీ?" అని అడిగింది. ముందే ఒక చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను. తీసి ఇచ్చాను. చెవి సంగతి చెప్పలేదు.

మర్నాడే ఆ అమ్మాయి కలిదిండి వెళ్ళింది. ఆయన ఆమెని పట్టుకుని బావురుమన్నాడని, మీ అమ్మే నిన్ను నాకు కాకుండా చేసిందని చెప్పాడని తర్వాత తెలిసింది. ఏడుపు నిజమే అయ్యుంటుంది. వారం తిరక్కుండా బట్టలు సర్దుకుని అక్కడికే వెళ్ళిపోయింది. ఊహ తెలిసినప్పటి నుంచీ చచ్చిన తండ్రిని తలుచుకుని ఉపవాసాలున్న పిల్ల, బతికున్న తండ్రిని వదులుకుంటుందా?

మేడమ్‌గారు స్కూలుకి రావడం మానలేదు. స్టాఫ్‌రూమ్‌లో అందరికీ తెలిసిపోయింది. ఆవిడ వస్తుంటే మాటలు ఆగేవి, వెళ్ళగానే మొదలయ్యేవి. ఒక సాయంత్రం బడి వదిలాక ఆవిడ నా క్లాసులోకి వచ్చి పిల్లల బల్ల మీద కూర్చున్నారు.

"మీరు ఆయనతో మాట్లాడారట కదండీ మాస్టారూ."

"ఫారం పని మీద వెళ్ళానండీ."

"పిల్ల చెవి గురించి ఆయన ఏమైనా అన్నాడా?"

నేను బల్ల మీది పుస్తకాలు సర్దడం మొదలుపెట్టాను. నా ముఖం చూసి ఆవిడకి తెలిసిపోయింది.

"అయితే చెప్పాడన్నమాట. దాచుకునే మనిషి కాదులెండి." చీర కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "మీరొక్కసారి పిల్లకి ఆ మాట చెప్పండి. నేను చెబితే నమ్మడం లేదు. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పిన నోటితో ఇప్పుడు నిజం ఎలా చెబుతున్నావంటోంది. ఆయన్ని మంచివాణ్ణి చేసింది నేనే కదండీ. చిన్నప్పుడు అడిగితే పిల్లకి ఏం చెప్పను, మీ నాన్న నిన్ను కొట్టి చెవి పోగొట్టాడని చెప్పనా? మీరు బయటి మనిషి. మీరు చెబితే వింటుంది."

అప్పుడు నేనన్న మాట ఇంకా గుర్తుంది. "నేను డ్యూటీ మీద వెళ్ళినవాణ్ణండీ. ఫ్యామిలీ విషయాల్లో కల్పించుకోకూడదు కదా."

చాలా నెమ్మదిగా, మర్యాదగా అన్నాను. ఆవిడ రెండు చేతులూ బల్లకి ఆనించి లేచారు. "అవునండీ, కూడదు," అని వెళ్ళిపోయారు.

ఆ ఏడు కూడిక జరగలేదు. బదిలీలు మొదలవగానే ఆవిడ చింతలపూడి వైపు ఒక స్కూలు కోరుకుని వెళ్ళిపోయారు. ఓటు మార్చుకోవడానికి పెట్టిన దరఖాస్తు నా దగ్గరికే వచ్చింది. తాళం వేసిన ఇంటి ముందు నిలబడి, ఇక్కడ నివాసం లేరు అని రాసి సంతకం పెట్టాను.

అమ్మాయి ఒకసారి ఏలూరు కొత్త బస్టాండ్‌లో కనబడింది. చేతిలో సంచీతో గబగబా నా దగ్గరికి వచ్చింది. చిక్కిపోయింది. ల్యాబు మానేసిందట, చెరువు దగ్గర పనివాళ్ళకి వంట తనే చూస్తోందట. పిన్నితో పడడం లేదని, నాన్న మళ్ళీ తాగుతున్నారని, అయినా తన మీద ప్రేమేనని చెప్పింది. "మీ దయవల్లే మా నాన్న దొరికారండీ," అంది. చెవి సంగతి చెప్పడానికి అంతకంటే మంచి అదను నాకు దొరకదు. కైకలూరు బస్సు వచ్చేదాకా పది నిమిషాలున్నాం. అమ్మ ఎలా ఉన్నారో మీకేమైనా తెలుసా అని అడిగింది. తెలీదన్నాను. బస్సులో సీటు కోసం ఆమె సంచీ నేనే కిటికీలోంచి వేశాను.

మేడమ్‌గారిని మొన్న పదో తరగతి పేపర్లు దిద్దే క్యాంపులో చూశాను. లెక్కల వాళ్ళ గది వేరు. వరండాలో ఎదురుపడ్డాం. నమస్కారం మాస్టారూ అన్నారు. నేనూ నమస్కారం పెట్టాను. మా అమ్మ ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, బాగుందంటే మంచిదండీ అని, తన గదిలోకి వెళ్ళి పేపర్ల కట్ట విప్పుకున్నారు.