గుట్టల వైపు తిప్పిన టెలిస్కోపు

జగిత్యాల జూనియర్ కాలేజీలో నేను ఫిజిక్స్ చెబుతున్న రోజుల్లో మా ల్యాబుకు ఒక టెలిస్కోపు వచ్చింది. అన్నీ విడి భాగాలు. ఎలా బిగించాలో చెప్పే కాగితం లేదు. బోర్డు మీద బొమ్మ గీసి చెప్పడమే తప్ప నేనూ అంతకుముందు దాన్ని ముట్టుకోలేదు.

ల్యాబు అటెండరుకు యాభై దాటాయి. సిరిసిల్లలో చాలా ఏళ్ళు మగ్గం నేసి, అది సాగక ఈ ఉద్యోగంలో చేరాడు. ఒక్కగానొక్క కొడుకు నక్సలైట్లలో, మా వైపు మాటలో అన్నల్లో, కలిశాడు. ఆ మాట అతని ముందు ఎవరం ఎత్తేవాళ్ళం కాదు. మా నాన్న ఊళ్ళో భూములు వదిలి కోరుట్లకు వచ్చేసింది ఆ అన్నల భయంతోనే.

ఇద్దరం భాగాలను బల్ల మీద పరిచాం. గొట్టం అడుగున పెట్టే గుంట అద్దం, మూతి దగ్గర ఏటవాలుగా నిలిచే చిన్న అద్దం, కన్ను ఆనించే కటకం.

"పెద్దద్దం కిందుంటే కన్ను పక్కకు పెట్టుడేంది మేడం?" అన్నాడు.

"వెలుగు పెద్దద్దం మీద పడి మళ్ల పైకస్తది. పైన మన తల పెడితే వెలుగుకే అడ్డమైతది. అందుకే గీ చిన్నద్దం దాన్ని పక్కకు మలుపుతది."

పెద్ద అద్దం వెనక మూడు మరలున్నాయి. అవి కుదరకపోతే బొమ్మ చెదిరిపోతుంది. గంటసేపు తిప్పినా నాకు చేతకాలేదు. అతను ఒక్కో మరను కొంచెం కొంచెం కదిలిస్తూ సరిచేశాడు. తెగిన పోగులు వెతికి అలవాటైన కళ్ళు.

ఆ సాయంత్రం, పొద్దు ఉండగానే, కాలేజీ డాబా మీద సగం చందమామను చూశాం. చాలాసేపు చూసి అడిగాడు.

"దీంట్ల గుట్టలు కనబడ్తయా మేడం?"

"కనబడయ్. ఇది చందమామకే, చుక్కలకే."

అది అబద్ధం. అన్నలు తిరిగే గుట్టల వైపు పెట్టిన గొట్టం పోలీసుల కంట పడితే ఏమవుతుందోనని భయపడ్డాను. అదొక్కటే కాదు, అతని కొడుకును వెతకడానికి సాయపడటం నాకు ఇష్టం లేదు.

వారం తర్వాత డాబా ఎక్కితే అతను టెలిస్కోపును గుట్టల వైపు తిప్పి చూస్తున్నాడు. నన్ను చూసి పక్కకు జరిగాడు.

"కనబడ్తున్నయ్ మేడం. తలకిందులున్నయ్, గని చెట్లు గూడ ఎరుకైతున్నయ్."

"భయమై గట్ల చెప్పిన," అన్నాను.

"నాకెరుకే."

కటకం పక్కనున్న మర తిప్పి బొమ్మ స్పష్టంగా కనిపించేలా చేసి ఇచ్చాను.

వానాకాలం చివర ఎన్‌కౌంటర్ వార్త వచ్చింది. పెద్దాసుపత్రిలో ఒక శవం ఉందన్నారు. అతనితో నేనూ వెళ్ళి బయట నిలబడ్డాను. లోపలికి వెళ్ళినవాడు కాసేపటికి గోడ పట్టుకుని వచ్చాడు.

"మావోడు కాదు మేడం."

అని మెట్ల మీద కూలబడి ఏడ్చాడు.

"ఇంటికి పోదామా?"

"గా పిలగాని తల్లిదండ్రులు ఇంక రాలే. అచ్చేదాక కూసుంట."

నేను ఇంటికి వెళ్ళాల్సిన కోరుట్ల బస్సు వెళ్ళిపోయింది. నేనూ పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక మల్లాపూర్ వైపు నుంచి ఒక ట్రాక్టరు వచ్చింది. అందులోంచి దిగిన ముసలాయనకు నడక సాగలేదు. మా అటెండరు లేచి, ఆయన చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు.

అతని కొడుకు సంగతి ఆ తర్వాత కూడా ఏమీ తెలియలేదు.